మొక్కల తొట్టిని నీళ్ల ట్యాంకులా కట్టండి: గోదావరి డెల్టా బిల్డర్లకు, ఇంజినీర్లకు, టౌన్ ప్లానింగ్ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

కాకినాడ నుంచి భీమవరం దాకా, రాజమహేంద్రవరం నుంచి అమలాపురం, నరసాపురం దాకా మన పట్టణాల్లో కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు చాలావాటికి బాల్కనీ అంచున, మెట్ల పక్కన, పార్కింగ్ శ్లాబు మీద, టెర్రస్ చుట్టూ మొక్కల తొట్లు కడుతున్నారు. బ్రోషర్లలో వాటి పేరు ప్లాంటర్ బాక్సులు. చూడ్డానికి బాగానే ఉంటాయి. కడియం నర్సరీల పక్కన పుట్టి పెరిగినవాళ్లం, మొక్కలు వద్దనే రకం కాదు. మా గొడవంతా ఆ తొట్లలోంచి కింది ఇళ్లలోకి దిగుతున్న నీళ్లతోనే.

డెల్టాలోని ఒక పట్టణంలో ఫ్లాట్ ఓనర్ల సంఘానికి కార్యదర్శిగా ఉంటూ ఈ లేఖ రాస్తున్నాను. మా బిల్డరుగారికి నోటితో చెప్పాం, కాగితం మీద రాసిచ్చాం, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టాం. మొదట్లో మేస్త్రీని పంపేవారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఇస్తే "అది మీకూ బిల్డరుకూ మధ్య వ్యవహారం" అన్నారు. సోమవారం గ్రీవెన్సులో ఇస్తే ఆ అర్జీ తిరిగి తిరిగి అదే ఆఫీసు బల్ల మీదకే వచ్చింది, అదే జవాబుతో మూసేశారు. ఎవరి పేర్లూ ఇక్కడ రాయడం లేదు. ఒకరిని బజారుకీడ్చితే తీరే సమస్య అయితే అదే చేసేవాళ్లం. చుట్టుపక్కల వీధుల్లో వాకబు చేస్తే చాలా బిల్డింగుల్లో ఇదే తంతు, చేసిన మేస్త్రీలు మాత్రం వేరు.

అసలు ఈ తొట్లు ఎందుకు కారుతున్నాయో ముందు చెప్పనివ్వండి. ఇంజినీర్లకు ఇది కొత్త విషయమేం కాదు. తెలిసిన సంగతి సైటు మీద ఎందుకు జరగడం లేదన్నదే మా ప్రశ్న.

టెర్రస్ మీద వాన పడితే వాలు వల్ల నీళ్లు గొట్టంలోకి పోతాయి, మర్నాడు ఎండ కాస్తే శ్లాబు ఆరిపోతుంది. తొట్టికి ఆరడమనేదే ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అవి వెనక్కి తగ్గాయనుకునేలోగా వాయుగుండాలు, తుఫాన్లు మొదలై డిసెంబరు దాకా పోవు. 1996 నవంబరు కోనసీమ తుఫాను చూసినవాళ్లకు ఈ నేల మీద వాన ఎలా పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. వానలు లేని నెలల్లో పొద్దున్నే మనమే పైపు పెట్టి తడుపుతాం. అంటే ఏడాది పొడవునా తడి వదలని ఒక ట్యాంకును మనుషులు పడుకునే గది నెత్తిన కడుతున్నారన్నమాట. అదే బిల్డింగులో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టేటప్పుడు ఇంజినీరు దగ్గరుండి చూస్తాడు. తొట్టి దగ్గరికొచ్చేసరికి, చివర్లో ఎలివేషన్ (బిల్డింగు ముందు వైపు అలంకరణ) పని చేసే తాపీ మేస్త్రీ చేతిలో పెట్టి వెళ్లిపోతాడు.

మా బిల్డింగులో రెండో అంతస్తు బాల్కనీ తొట్టిని మేమే కూలీలను పెట్టి తవ్వించాం. పైన అడుగు లోతు నల్లమట్టి. ఏదో పొలం గట్టు నుంచి తెచ్చిన ఒండ్రు, తడిస్తే జిగురు, ఎండితే బీటలు. దాని కింద ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు, పగిలిన టైల్స్, సగం కుళ్లిన గోనెసంచి. పని పూర్తయ్యాక సైటు చెత్త బయట పారబోయడం ఎందుకని ఇందులో నింపేశారు. ఆ చెత్త కింద రెండంగుళాల ఎత్తున నల్లటి నీళ్లు నిలిచి ఉన్నాయి, ముక్కు మూసుకోవాల్సిన వాసన. నీళ్లు పోవడానికి గొట్టం పెట్టారు, కాదనం. తొట్టి అడుగుకు రెండంగుళాల పైన పెట్టారు. ఆ రెండంగుళాల నీళ్లు ఎన్నేళ్లయినా బయటికి రావు, దారి దొరికిన చోట కిందికి దిగడం తప్ప. అడుగున బ్రష్‌తో పూసిన వాటర్‌ప్రూఫ్ పూత ఒకప్పుడు ఉండేదనడానికి అక్కడక్కడా బూడిదరంగు మరకలు మిగిలాయి. టైల్ ముక్కల అంచులు గుచ్చుకుని గీరుకుపోయిన గుర్తులు స్పష్టంగా కనిపించాయి. నాలుగంగుళాల ఇటుక గోడ శ్లాబును కలిసే మూలలో ఫైకస్ (మర్రి జాతి మొక్క) వేళ్లు దారాల్లా లోపలికి దూరి ఉన్నాయి. ఒకటి పట్టుకుని లాగితే జానెడు పొడుగు వచ్చింది, గోడ సందులోంచి.

ఆ మూలే అసలు తప్పు జరిగే చోటు. శ్లాబు పోసిన నెలలకు దాని మీద ఇటుక గోడ లేపి తొట్టి అంటారు. ఇటుకకూ శ్లాబుకూ మధ్య సందు ఉండనే ఉంటుంది. ఎండకు వ్యాకోచించి, రాత్రికి కుంచించుకుని ఆ సందు ఇంకాస్త తెరుచుకుంటుంది. ప్లాస్టరింగులో కలిపే వాటర్‌ప్రూఫింగ్ పొడి సిమెంటు సన్న రంధ్రాలను తగ్గిస్తుందేమో గానీ, పగిలిన బీటను మూయలేదు. "కెమికల్ వేశామండి" అనే మాట మేం ఎన్నిసార్లు విన్నామో! ఏ కెమికల్, ఎన్నిసార్లు పూశారు, ఎంత మందం, మూలలకు ఏం చేశారు అంటే మాత్రం జవాబుండదు.

ఇక దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో వరసగా రాస్తున్నాం.

1. కింది ఫ్లాటులో ముందు సీలింగు మూల పసుపుపచ్చ మరక పడుతుంది. తర్వాత పుట్టీ ఉబ్బి పొక్కులు లేస్తుంది, తర్వాత నల్ల బూజు. ఆ గదిలో అల్మరా ఉంటే పట్టుచీరలకు తెల్ల మచ్చలు, పిల్లల సర్టిఫికెట్ల ఫైలుకు నెమ్ము. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఆ గదిలో పడుకోలేరు. గదిని వాడటం మానేస్తారు, దాని మీద తీసుకున్న లోను ఈఎమ్ఐ మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

2. శ్లాబులో కరెంటు గొట్టాలు ఉంటాయి. నీళ్లకు అంతకన్నా సులువైన దారి దొరకదు. తొట్టి హాలు పక్కన ఉంటే నీళ్లు బెడ్‌రూమ్ ఫ్యాన్ డబ్బాలోంచి చుక్కలుగా రావచ్చు. స్విచ్ బోర్డు ముట్టుకుంటే జిల్లుమంటోందని మా దగ్గర ఒక అద్దె కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది. షాకు కొట్టి ఎవరికైనా ఏమైనా అయితే అప్పుడు అందరూ వస్తారు.

3. పార్కింగ్ శ్లాబు మీద కట్టిన తొట్ల కింద చాలా చోట్ల వాచ్‌మన్ గది ఉంటుంది. ఆ ఫిర్యాదు ఎవరి వాట్సాప్ గ్రూపులోనూ కనిపించదు. ఒకే గది, అందులోనే పొయ్యి, అందులోనే పడక. బియ్యం మూట కింద రెండు ఇటుకలు, మీద ప్లాస్టిక్ కవరు. ముసురు పట్టిందంటే చాప వేసుకునే చోటు మారుతుంది. పైన మొక్కలకు నీళ్లు పోసే పని కూడా ఆయనదే.

4. కాంక్రీటులోంచి దిగే నీళ్లు సిమెంటులోని సున్నాన్ని కరిగించుకుని వస్తాయి. గాలి తగలగానే అది తెల్లగా గడ్డకడుతుంది. శ్లాబు అడుగున తెల్లటి కొసల్లా వేలాడేది అదే. కారు మీద పడితే రంగు పాడవుతుంది. అయితే కారు సంగతి చిన్నది, ఆ తెల్లదనం లోపలి ఇనుముకు ముప్పు మొదలైందన్న కబురు. సున్నం ఉన్నంతసేపు ఇనుముకు రక్షణ. సున్నం కొట్టుకుపోయి, ఉప్పు చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు రెట్లకు పైగా చోటు అడుగుతుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది.

ఉప్పు ఎక్కడిదంటారా? ఇది డెల్టా. సముద్రం వైపు మండలాల్లో గాలిలోనూ ఉప్పే, బోరు నీళ్లలోనూ ఉప్పే. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక మొక్కలకు పోసేవి ఆ బోరు నీళ్లే. పైగా పొలానికి తెచ్చిన పొటాష్‌లో గుప్పెడు మిగిలితే మల్లె మొక్క మొదట్లో వేస్తాం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే కదా. ఇనుముకు ఏ క్లోరైడు శత్రువో, దాన్ని మనమే చేత్తో చల్లుతున్నాం. మధ్యలో సరైన పూత ఉంటే ఇవేవీ శ్లాబును తాకవు.

ఇంకో సంగతి ఇంజినీర్లకు నేను చెప్పడం పెద్దరికమే అవుతుంది, అయినా చెప్పాలి. బాల్కనీ, సన్‌షేడ్ లాంటి ముందుకు పొడుచుకొచ్చిన శ్లాబుల్లో బరువు మోసే ప్రధాన కడ్డీలు పై వైపున ఉంటాయి. తొట్టి నీళ్లు నిలిచేది కూడా సరిగ్గా ఆ పై వైపునే. అంటే ఏ కడ్డీ పాడవకూడదో దాని మీదే నీళ్లు కూర్చున్నాయి. కింద నుంచి చూస్తే సీలింగు బాగానే ఉన్నట్టుంటుంది. సముద్రతీర వాతావరణానికి ఐఎస్ 456 (కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ప్రమాణం) ఎం30 రకం గట్టి కాంక్రీటు, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలని చెబుతుంది. సైటులో ఆ మందం కోసం కడ్డీ కింద పెట్టే కవర్ బ్లాకు బదులు కంకర రాయి ముక్క పెట్టి పోసేస్తున్న శ్లాబులను మేమే కళ్లారా చూశాం.

5. బరువు. పది అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న తొట్టిలో తడి మట్టి ఒక్కటే టన్ను దాటుతుంది. ఇటుక గోడ, టైల్స్, మొక్కలు దానికి అదనం. డ్రాయింగులో లేని తొట్టిని కస్టమరు అడిగాడని సన్‌షేడ్ మీద కట్టి ఇస్తున్నవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి.

6. తొట్టి బయటి వైపు అతికించిన టైల్స్ వెనక నీళ్లు చేరి ఊడిపడుతున్నాయి. మూడో అంతస్తు నుంచి టైల్ ముక్క స్కూలు పిల్లలు ఆటో ఎక్కే చోట పడిందనుకోండి. మా వీధిలో రాత్రిపూట పడింది, ఎవరూ లేరు.

7. ఇరుగుపొరుగు తగవులు. నీళ్లు పడే చోటూ, దిగే చోటూ ఒకటి కాదు కాబట్టి కింది వాళ్లు పైవాళ్ల బాత్రూమ్ అనుకుంటారు. పైవాళ్లు బాత్రూమ్ టైల్స్ పగలగొట్టించి మళ్లీ వేయిస్తారు, లీకు అలాగే ఉంటుంది. పైవాళ్లేమో తొట్టి బిల్డరు కట్టిందంటారు, సంఘమేమో అది వాళ్ల బాల్కనీలో ఉందంటుంది, బిల్డరేమో హ్యాండోవర్ అయిపోయిందంటారు. ఒకరింటి పేరంటానికి ఒకరు వెళ్లడం మానేసిన కుటుంబాలున్నాయి. పదేళ్లు వదినా వదినా అని పిలుచుకున్నవాళ్లు.

మీ నుంచి మాకు వచ్చే జవాబులు మూడు. ఒకటి, "నీళ్లు ఎక్కువ పోస్తున్నారండి." మొక్కల కోసం కట్టిన తొట్టిలో నీళ్లు పోయకపోతే ఇంకెందుకు కట్టారు? రెండు, "వాన ఎక్కువ పడిందండి." గోదావరి జిల్లాల్లో వాన పడుతుందని మీకు ప్లాను గీసేటప్పుడు తెలియదా? మూడోది అన్నిటికన్నా ఖరీదైనది. "లోపలి వైపు నుంచి డాంప్‌ప్రూఫ్ పూసి, పుట్టీ పెట్టి, పెయింటు వేసేద్దాం." నీళ్లు వచ్చే వైపు వదిలేసి, బయటికొచ్చే వైపు రంగు పూస్తే ఆ నీళ్లు గోడలోనే ఉండిపోతాయి. ఒక సీజను కనపడకుండా ఉండి, పక్క గదిలో తేలతాయి. మా సంఘం డబ్బులు అలా రెండుసార్లు పోయాయి.

సరైన పద్ధతి ఏమిటో పెద్ద రహస్యం కాదు. తొట్టి గోడలను ఇటుకతో కాకుండా శ్లాబుతో కలిపి కాంక్రీటులోనే పోయాలి. కనీసం అడుగున ఆరంగుళాల ఎత్తు వరకైనా శ్లాబుతో పాటే లేపాలి. ఇంటి గోడనే తొట్టి గోడగా వాడకూడదు, మధ్యలో ఖాళీ వదిలి తొట్టికి వేరే గోడ ఉండాలి. అడుగు భాగానికి పది అడుగులకు అంగుళం పైన వాలు ఇచ్చి, గొట్టాన్ని ఆ వాలులో అన్నిటికన్నా పల్లంలో పెట్టాలి. దానికి రెండంగుళాల వ్యాసం తగ్గకూడదు, పైన జాలీ ఉండాలి. గొట్టం మూసుకుపోయినా నీళ్లు గదిలోకి పొంగకుండా పైన ఇంకో ఓవర్‌ఫ్లో గొట్టం. గోడా అడుగూ కలిసే మూలలు నిటారుగా వదలకుండా సిమెంటుతో గుండ్రంగా తిప్పి, ఫ్యాబ్రిక్ పట్టీ వేసి, ఆ తర్వాత సిమెంటు-పాలిమర్ పూత గానీ పాలీయురేతేన్ గానీ కంపెనీ చెప్పిన మందంలో, మట్టి మట్టానికి ఆరంగుళాల పై వరకు. తారు షీటు వేస్తే వేళ్లు దాన్ని చీల్చుకుంటాయి కాబట్టి వేళ్లు దూరని షీటు వేరేగా పరవాలి. పూత మీద రక్షణగా సన్నటి సిమెంటు పొర గానీ నీళ్లు కిందికి జారనిచ్చే డ్రెయిన్ సెల్ షీటు గానీ, దాని మీద కంకర, మట్టిని ఆపి నీళ్లను వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ, అప్పుడు మట్టి.

పూత ఆరిన తర్వాత, రక్షణ పొర వేయకముందే, గొట్టాలు మూసి నిండా నీళ్లు పోసి కనీసం 48 గంటలు, మమ్మల్నడిగితే 72 గంటలు, వదిలేయాలి. కింద నిలబడి చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే మా లేఖలో సగం ఉండేది కాదు. దానికయ్యే ఖర్చు నీళ్ల ఖర్చే. మట్టి వేసి, మొక్కలు పెరిగి, కింద జనం కాపురం పెట్టాక లీకు వెతకడమంటే మొక్కలు పీకాలి, టన్నుల మట్టి బకెట్లతో లిఫ్టులో దించాలి, టైల్స్ పగలగొట్టాలి.

అందువల్ల మేం కోరుతున్నవి ఇవి.

1. బిల్డర్లు: ఇప్పుడు కడుతున్న ప్రతి బిల్డింగులో మొక్కల తొట్టి వివరాలు స్ట్రక్చరల్ డ్రాయింగులో ఉండాలి. కొనేవాళ్లకు ఇచ్చే కాగితాల్లో ఏ పూత, ఎంత మందం, నీళ్లు నిలిపి పరీక్షించిన తేదీ, ఫొటోలు జతచేయాలి. అలా చేయలేమనుకుంటే తొట్లు కట్టకండి. చక్రాల స్టాండు మీద పెట్టుకునే కుండీలు మేమే కొనుక్కుంటాం. బ్రోషర్‌లో పచ్చదనం కాస్త తగ్గుతుంది, అంతే.

2. ఇప్పటికే అప్పగించిన ఫ్లాట్ల విషయంలో: రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 2016లోని సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాటు అప్పగించిన తేదీ నుంచి అయిదేళ్లలోపు నిర్మాణంలోనో పనితనంలోనో లోపం మీ దృష్టికి తెస్తే 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. తొట్టి లీకు పనితనంలో లోపం కాక మరేమిటి? "హ్యాండోవర్ అయిపోయింది" అనే మాటతో ఆ బాధ్యత తీరదు. ఈ సెక్షన్‌ను కాగితం మీద చూపించేదాకా తెలియనట్టు ఉండటం పెద్దమనిషి తరహా కాదు.

3. రాష్ట్ర ప్రభుత్వం: 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించకుండా గానీ కట్టే బిల్డింగులకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన పట్టణాల్లో వీధివీధిలో లేచేవి ఇవే. మూడు నాలుగు వందల గజాల్లో పాత పెంకుటిల్లు పడగొట్టి, డెవలప్‌మెంటుకు ఇచ్చి కట్టించినవి. వాటిలో కొన్నవాళ్లకు వినియోగదారుల కమిషనే ప్రధాన దిక్కు, అక్కడా కారణం ఏర్పడినప్పటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. అయితే ఆ 500 మీటర్లు, ఎనిమిది ఫ్లాట్ల పరిమితిని తగ్గించే అధికారం అదే చట్టం సెక్షన్ 3 రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. మీ చేతిలో ఉన్న పని, దయచేసి చేయండి.

4. టౌన్ ప్లానింగ్ అధికారులు: అనుమతి ఇచ్చేటప్పుడు బిల్ట్ అప్ ఏరియాలో కొంత భాగం మునిసిపాలిటీకి మార్ట్‌గేజ్ చేయించుకుంటున్నారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగు నివాసానికి సిద్ధమన్న పత్రం) ఇచ్చాక విడిపిస్తున్నారు. ఆ సర్టిఫికెట్ దరఖాస్తుకు తొట్లు, టెర్రస్, బాత్రూమ్‌లలో నీళ్లు నిలిపి పరీక్షించిన రిపోర్టు, దాని మీద ఇంజినీరు సంతకం తప్పనిసరి చేయండి. సెట్‌బ్యాక్ (బిల్డింగు చుట్టూ వదలాల్సిన ఖాళీ) అడుగు తగ్గితే టేపు పెట్టి కొలుస్తారు కదా, ఇది కూడా ఒకసారి తల ఎత్తి చూడండి. ప్లానులో లేకుండా సన్‌షేడ్ల మీద వెలిసిన తొట్లకు నోటీసులివ్వండి. "ప్రైవేటు వ్యవహారం" అన్న జవాబు మాత్రం ఇకమీదట వద్దు. వీధిలో టైల్ పడితే నడిచేవాళ్లు ప్రైవేటు మనుషులు కారు.

5. ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు: మీ సంతకంతో వెళ్లిన డ్రాయింగులో లేని తొట్టి సైటులో కనిపిస్తే ఆపించండి. తొట్టి ఉంటే తడి మట్టి బరువుతో లెక్క వేయండి, కవరు, వాలు, గొట్టం మట్టం డ్రాయింగు మీదే రాయండి. మేస్త్రీకి వదిలేస్తే ఆయన తనకు తెలిసింది చేస్తాడు. తప్పు ఆయనది కాదు. మన దగ్గర చాలామంది తాపీ మేస్త్రీలకు ఈ పూతలు వేయడం ఎవరూ నేర్పలేదు. మీ ఇంజినీర్ల సంఘాలు పట్టణానికొక పూట శిక్షణ పెట్టినా మేలే.

6. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక నర్సరీ రైతులకు ఒక విన్నపం, ఇది డిమాండు కాదు. మొక్క కొనడానికి వచ్చినవాళ్లను "కుండీలోకా, నేలలోకా, అపార్ట్‌మెంట్ తొట్టిలోకా" అని ఒక్క మాట అడగండి. తొట్టికైతే ఫైకస్, వెదురు, పామ్ రకాలు వద్దని చెప్పండి. నందివర్ధనం, కనకాంబరం, మల్లె లాంటివి ఇవ్వండి. నల్లమట్టి బదులు ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కడిగిన కొబ్బరి పొట్టు కలిపి అమ్మండి. కోనసీమలో కొబ్బరి పొట్టుకు కొదవా? బరువు తగ్గుతుంది, నీళ్లూ నిలవవు. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది, ఆ సంగతీ చెప్పండి.

7. ఓనర్ల సంఘాలు: బయటి తొట్ల నిర్మాణం, వాటర్‌ప్రూఫింగ్ ఉమ్మడి ఆస్తి కిందకు వస్తాయని బైలాలో రాసుకోండి. మొక్కలు, మట్టి ఆ ఫ్లాటువాళ్లవి. లీకు కనపడగానే పైవాళ్ల బాత్రూమ్ పగలగొట్టించకండి. వానలు లేనప్పుడు తొట్టికి పది రోజులు నీళ్లు ఆపి చూడండి. చుక్కలు తగ్గితే సంగతి తేలిపోతుంది. తగ్గకపోతే తొట్టిలో రంగు కలిపిన నీళ్లు, బాత్రూమ్‌లో వేరే రంగు నీళ్లు ఒకదాని తర్వాత ఒకటి పోసి కింద ఏ రంగు దిగుతుందో చూడవచ్చు. గొట్టం జాలీ మీద ఆకులు నెలకోసారి తీయించండి. పిట్టలు రెట్టలో వేసిన రావి, మర్రి మొక్కలు వేలెడు ఉన్నప్పుడే పీకేయండి. రావిచెట్టును పీకకూడదనే పట్టింపు ఉన్నవాళ్లు దాన్ని జాగ్రత్తగా తీసి గుడి ఆవరణలో నాటండి, పుణ్యం కూడా దక్కుతుంది.

పాత తొట్ల మరమ్మతుకు కాలం చాలా తక్కువ. పూత వేయాలంటే కాంక్రీటు ఆరి ఉండాలి, అది మన దగ్గర జనవరి చివరి నుంచి మే దాకానే సాధ్యం. జూన్ దాటితే ఇంకో ఏడాది పోయినట్టే. మా బిల్డరుగారికీ, మునిసిపల్ అధికారులకూ ఈ లేఖ ప్రతులు పోస్టులో పంపాం. సంక్రాంతిలోపు రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. రాకపోతే లీకు ఉన్న ఇళ్లవాళ్లందరం కలిసి, రెరా పరిధిలోకి వచ్చేవాళ్లు రెరాలో, మిగతావాళ్లు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదులు వేస్తాం. మేం తవ్వించిన తొట్టిని పూడ్చలేదు. వచ్చి చూడదలచిన ఇంజినీరుకైనా అధికారికైనా చూపిస్తాం, ముందు రోజు కబురు పెడితే చాలు.

ఇట్లు,
ఒక ఫ్లాట్ ఓనర్ల సంఘం కార్యదర్శి,
సభ్యులందరి తరఫున